మెడ డిస్క్ ఆపరేషన్ తర్వాత వినకూడని సలహాలు

ఈ ఆపరేషన్‌లో మెడకు ముందువైపు కోత పెట్టి, చెడిన డిస్క్ తీసేసి, ఆ ఖాళీలో ఎముక ముక్కనో కేజ్ అనే చిన్న పరికరాన్నో అమర్చి పూసలు రెండూ కలిసిపోయేలా చేస్తారు. ఎక్కువగా ఇది సీ5-సీ6, సీ6-సీ7 పూసల మధ్య జరుగుతుంది. ఎముక గట్టిగా అతుక్కోవడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది కూడా. పలకరించడానికి వచ్చినవాళ్లు ప్రేమతోనే చెప్పే ఈ మాటలు కోలుకోవడానికే చేటు.

"మూడు నెలలు మంచం దిగకు." చాలామందిని ఆపరేషన్ రోజో మర్నాడో డాక్టర్లే లేపి నడిపిస్తారు. కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. రోజూ కొద్దికొద్దిగా నడవండి.

"చెయ్యి లాగడం తగ్గిందిగా, ఇక పనులు చేసుకో." నరం మీద ఒత్తిడి పోయింది కాబట్టి నొప్పి తగ్గింది, ఎముక ఇంకా అతుక్కోలేదు. నీళ్ల బిందె, బియ్యం బస్తా, చంటిపిల్లలు... ఏదీ ఎత్తకండి. బండి ఎప్పుడు నడపాలో సర్జన్‌నే అడగండి. తిమ్మిరి పోవడానికి నెలలు పట్టవచ్చు, కంగారు పడకండి.

"కాలర్ ఎన్నాళ్లుంచితే అంత మంచిది." అవసరం తీరాక కూడా పెట్టుకుంటే మెడ కండరాలు బలహీనపడతాయి. కాలర్ పెట్టుకోవాలో లేదో, ఎప్పుడు తీయాలో డాక్టర్ చెబుతారు. వ్యాయామాలు ఫిజియోథెరపిస్ట్ దగ్గరే మొదలుపెట్టండి.

"పప్పు, గుడ్డు పెట్టొద్దు, చీము పడుతుంది." చీము సూక్ష్మక్రిముల వల్ల పడుతుంది, పప్పు వల్ల కాదు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. చారన్నంతో సరిపెట్టకండి.

"నూనె రాసి మర్దన చేయించు, సెలూన్‌లో మెడ విరిపించు." అతుకుతున్న మెడను మెలితిప్పితే అమర్చింది కదలవచ్చు, మెదడుకు వెళ్లే రక్తనాళం చిరగవచ్చు. ఎవరి చేతికీ మెడ అప్పగించకండి.

"ఒక్క బీడీకి ఏమవుతుంది?" నికోటిన్ ఎముక అతుకును దెబ్బతీస్తుంది. గుట్కా, ఖైనీ కూడా అంతే. మందుల షాపులో సొంతంగా కొనే డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలూ డాక్టర్ని అడగకుండా వద్దు.

"తెల్లారాక చూద్దాంలే." మొదట్లో మింగడం కష్టంగా ఉండటం, గొంతు బొంగురుపోవడం మామూలే. కానీ మెడ ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా, కాళ్లూ చేతులూ కొత్తగా పట్టు తప్పినా, మూత్రం ఆగకపోయినా, రాకపోయినా, జ్వరంతో కుట్ల దగ్గర చీము కారినా ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈ ఒక్క మాట ఇంట్లో ప్రతి ఒక్కరికీ చెప్పి ఉంచండి.