ఇరవై గుర్రాల ఆశ

బండి బాగా నడుస్తున్నంత కాలం మనకు నిద్ర పట్టదు. దీనికి ఇంకాస్త బలం ఉంటే ఎలా ఉంటుందో అన్న ఆలోచన ఒక్కసారి బుర్రలో దూరితే చాలు, తిన్న అన్నం ఒంటికి పట్టదు. పాత బండి ప్రేమికుల్లో ఈ జబ్బు లేనివాణ్ని నేనింతవరకు చూడలేదు. మీకూ ఉండే ఉంటుంది. అందుకే మీ దగ్గర దాచకుండా చెబుతున్నాను.

నాది పాత మారుతి జిప్సీ. 1985 చివర్లో వచ్చిన ఎంజీ410 రకం. 970 సీసీ, నాలుగు సిలిండర్లు, కార్బొరేటర్, 45 హార్స్‌పవర్. బెంగళూరు పక్కన జిగణి నుంచి బన్నేరుఘట్ట వైపో, ఆనేకల్ దాటి తళి వైపో మట్టిదారి కనబడితే సంబరంగా దూసుకుపోయేది. ఎక్కడా మొండికేసేది కాదు. కానీ నా స్నేహితులందరివీ జిప్సీ కింగులు. 1996లో వచ్చిన ఆ బండికి 1298 సీసీ ఇంజను, 60 హార్స్‌పవర్. తారురోడ్డు మీద వాళ్లు నన్ను దాటుకుంటూ చెయ్యి ఊపి పోతుంటే కడుపు రగిలిపోయేది. అడవిలో ఎవరికీ తీసిపోని బండిని, హైవే మీద నలుగురి ముందు చిన్నబోయానన్న ఒక్క కారణంతో తక్కువగా చూడటం మొదలుపెట్టాను.

దానికి తోడు నేనుండేది జిగణిలో. గ్రానైటు స్లాబులు కోసే ఫ్యాక్టరీల పక్కనే లేతులు, మిల్లింగు మిషన్లు, వెల్డింగు షెడ్లు. ఏ ఇనప ముక్క చేతికిచ్చినా సాయంత్రానికి కావలసిన ఆకారంలోకి తెచ్చిపెట్టే పనివాళ్లు వీధికి పదిమంది. ఇంత పనితనం చుట్టూ ఉంటే మనిషికి కాళ్లు నేల మీద నిలవవు. శివాజీనగర్‌లోని పాత సామాన్ల బజారు గుజరీలో ఎస్టీమ్ కారు ఇంజను కంటపడింది. అదే 1298 సీసీ కార్బొరేటర్ రకం, కారులో 65 హార్స్‌పవర్ ఇచ్చేది. అంటే నా బండికి ఇరవై గుర్రాలు అదనం! బేరం కూడా సరిగ్గా ఆడకుండా ఆటోలో వేయించుకుని వచ్చేశాను.

మా మేస్త్రి దాని చుట్టూ ఒక్కసారి తిరిగి చూశాడు. "అన్నా, ఇంజనొక్కటే రాదన్నా. దాని ఎనకాల అన్నీ రావాల," అన్నాడు.

"నువ్వు కూర్చోబెట్టు చాలు, మిగతాది నేను చూసుకుంటా," అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాలుక కొరుక్కుంటాను.

ఎస్టీమ్‌లో ఇంజను అడ్డంగా ఉంటుంది, ముందు చక్రాలను తిప్పుతుంది. జిప్సీలో నిలువుగా కూర్చోవాలి. నిలువుగా పెడితే కింద సంపు ఫ్రంట్ యాక్సిలుకు తగిలింది. సంపు కోసి అతికించాం. పాత గేరుబాక్సు మూతికి ఇంజను కుదరలేదు, మధ్యలో ఇనప ప్లేటు చేయించాం. ప్లేటు మధ్య రంధ్రం వెంట్రుకవాసి పక్కకు పోవడంతో క్లచ్ వదిలినప్పుడల్లా బండి వణికింది. ప్లేటు మళ్లీ చేయించాం. అది కుదిరితే రేడియేటర్ చాలలేదు, రేడియేటర్ మారిస్తే ఫ్యాను పట్టలేదు, ఫ్యాను పడితే సైలెన్సర్ గొట్టం స్టీరింగు రాడ్డును ఒరుసుకుంది. నా జీతమంతా ఆ షెడ్డులోనే కరిగిపోయింది.

ఇంజను మార్చడం పెద్ద కంపెనీలకే ఎంత పనో నాకు ముందే తెలుసు. 1953లో విల్లీస్ వాళ్లు జీపుకు హరికేన్ ఇంజను పెట్టారు. ఇన్‌లెట్ వాల్వులు పైన హెడ్డులో ఉండటంతో ఆ ఇంజను ఎత్తు పెరిగింది, దాని కోసం బానెట్టే ఎత్తు చేయాల్సి వచ్చింది. మన దేశంలో మహీంద్రా దశాబ్దాల పాటు తయారుచేసిన సీజే-3బీ జీపు ముక్కు అంత ఎత్తుగా ఉండటానికి కారణం అదే. మారుతి కూడా జిప్సీకి 1298 సీసీ ఇంజను పెట్టినప్పుడు నాలుగు గేర్ల బాక్సు తీసి ఐదు గేర్ల బాక్సు ఇచ్చింది. ఇవన్నీ నేనే స్నేహితులకు గొప్పగా చెప్పేవాణ్ని. తెలిసిన విషయం కూడా ఆశ ముందు నోరు మూసుకుంటుంది.

ఎట్టకేలకు ఒక ఆదివారం అందరినీ పిలిచి, ఊరి బయట రాళ్ల దిబ్బ దగ్గరికి తీసుకెళ్లాను. ముందు నేనే ఎక్కుతానన్నాను. మొదటి గేరు వేశాను, యాక్సిలరేటర్ తొక్కాను, ఇంజను గర్జించింది, నా గుండె ఉప్పొంగింది, సగం ఎక్కాను, ముక్కు ఆకాశానికి లేచింది, అంతే, గుటకలు మింగింది, నల్లపొగ కక్కింది, ఆగిపోయింది. బండి వెనక్కి జారింది, బ్రేకు తొక్కి, హ్యాండ్‌బ్రేకు లాగి, చెమటలు కక్కుతూ, వెనక నిలబడ్డవాళ్లను తప్పుకోండని అరుస్తూ కిందికి వచ్చిపడ్డాను. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

కార్బొరేటర్‌లో ఫ్లోటు తేలే చిన్న గిన్నె ఉంటుంది. బండి నిటారుగా ఎక్కినప్పుడు అందులో పెట్రోలు ఒక పక్కకు ఒరిగిపోతుంది. జెట్టుకు అందకపోయినా ఇంజను ఆగుతుంది, పొంగి లోపలికి పోయినా ఆగుతుంది. కారు కోసం చేసిన గిన్నెను అడ్డం నుంచి నిలువుకు తిప్పి కొండెక్కించాను నేను. పైగా బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి పల్చన. జెట్లు దానికి తగ్గట్టు సరిచేయకపోతే పెట్రోలు పాలు ఎక్కువై ప్లగ్గులు మసిబారతాయి. ఆ రోజు ఎవరికీ దెబ్బ తగలకపోవడం దేవుడి దయ.

అసలు కొండెక్కడానికి ఆ ఇరవై గుర్రాలు అక్కర్లేదు. జిప్సీ ట్రాన్స్‌ఫర్ కేసులో లో గేరు వేస్తే, ఇంజను తిప్పే బలం మరింత పెరిగి చక్రాలకు చేరుతుంది. నెమ్మదిగా, ఓపిగ్గా ఎక్కడానికే ఆ బండిని తయారుచేశారు. దాని ఓపికను నేను బలహీనత అనుకున్నాను.

కాగితాల సంగతి ఇంకా ముఖ్యం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. నా ఆర్‌సీలో ఉన్నది 970, బానెట్ కింద ఉన్నది 1298. ఏదైనా ప్రమాదం జరిగి ఉంటే బీమా కంపెనీ ముందు ఏ ముఖంతో నిలబడేవాణ్ని?

ఎస్టీమ్ ఇంజను దింపేశాం. మూలన పడేసిన పాత ఇంజనుకు కొత్త రింగులు వేసి, వాల్వులు రుద్ది, కార్బొరేటర్‌ను విప్పి కడిగి కొత్త కిట్టు వేశాడు మేస్త్రి. ఎస్టీమ్ ఇంజను మీద పోసిన డబ్బులో పదోవంతు కూడా కాలేదు. మీకూ ఇలాంటి ఆశ పుడితే ముందు ఉన్న ఇంజనుకు కంప్రెషన్ చూపించండి, జెట్లు శుభ్రం చేయించండి, లో గేరులో ఒక కొండ ఎక్కి చూడండి. అప్పటికీ ఆశ చావకపోతే ఆర్‌సీ పట్టుకుని ముందు ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లండి, గుజరీకి ఆ తర్వాత వెళ్లొచ్చు.