బ్యాకప్ బాబాయ్

“నేనట్టా అన్లేదు బాబాయ్” అన్నారో, అయిపోయారే. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఫోను జానెడు దూరంలో పెట్టుకుని, వేలు నాలికకి తడి చేసుకుని మరీ స్క్రీను జరుపుతాడు. ఖాతా పుస్తకాలు తిప్పిన చెయ్యి మరి.

“ఇదిగో. కోటప్పకొండ తిరణాల ముందురోజు, రాత్రి తొమ్మిదింపావు. కాయలు అమ్మంగానే మందుల బాకీ తీరుస్తానన్నావా లేదా? కింద దండం బొమ్మ కూడా పెట్టావు గదరా అబ్బాయ్!”

నరసరావుపేటలో బాబాయ్‌ది పురుగుమందుల కొట్టు. వాళ్ళ నాన్న ప్రామిసరీ నోట్లు ఇనప్పెట్టెలో పెట్టి తాళంచెవి మొలతాడుకి కట్టుకునేవాడు. ఈయన వాట్సాప్ చాట్లు గూగుల్ డ్రైవ్‌లో దాస్తాడు. రాత్రి రెండింటికి ఫోను దానంతటదే బ్యాకప్ తీసుకుంటుంది. అయినా నమ్మకం లేదు, మంచినీళ్ళకి లేచినప్పుడల్లా ఓసారి చూసొస్తాడు. డ్రైవ్‌లో ఉచితంగా ఇచ్చే 15 జీబీ నిండిపోయిందని ఫోను మొత్తుకున్నా, ఒక్క శుభోదయం బొమ్మ చెరపడు. ఏ పువ్వు కింద ఏ సాక్ష్యం ఉందో!

ఆ బ్యాకప్ మూటని మళ్ళీ వాట్సాప్‌లోనే విప్పాలి. అందుకని చాట్ ఎక్స్‌పోర్ట్ కూడా చేస్తాడు. అది మామూలు టెక్స్ట్ ఫైలు. ఫోటోలు వద్దంటే ఒక్కో చాట్‌లో 40,000 మెసేజీల దాకా వస్తాయి, కావాలంటే 10,000. మా మేనత్తగారి చాట్‌కి స్పైరల్ బైండింగ్ కూడా చేయించాడు. అవి పట్టుకుని వకీలు దగ్గరికి వెళ్తే, “2024 జులైలో కొత్త సాక్ష్య చట్టం అమల్లోకొచ్చింది బాబాయ్. 63వ సెక్షన్ సర్టిఫికెట్ లేకపోతే ఈ కాయితాలు కోర్టులో నిలబడవు. అయినా ఈ ఫైలు మీ మనవడు కూడా దిద్దగలడు” అన్నాడట. ఆ ముక్క వాయిస్ మెసేజ్‌గా పెట్టమన్నాడు బాబాయ్, దాచుకుందామని.

2021లో వాట్సాప్ బ్యాకప్‌కీ తాళం ఇచ్చింది. పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, లేదా 64 అక్షరాల కీ తీసుకోవచ్చు. బాబాయ్ పాస్‌వర్డ్‌తో సరిపెట్టుకుంటాడా? కీ తీసుకుని గోడ క్యాలెండరు వెనక రాశాడు. జనవరి రాగానే పిన్ని ఆ కాయితం చింపి ఆవకాయ జాడీ కింద పరిచింది. సంక్రాంతికి కొత్త ఫోను కొని, పాతది ఎక్స్ఛేంజిలో ఇచ్చేసి, కీ కోసం గోడకేసి చూస్తే కొత్త క్యాలెండరు. జాడీ లేపితే సగం అక్షరాలు నూనెలో కలిసిపోయాయి. ఆ కీ పోతే వాట్సాప్ వాళ్ళు కూడా తెరవలేరు. బాబాయ్ రెండ్రోజులు అన్నం సరిగా తినలేదు.

పిన్ని మాత్రం గరిటె ఆపకుండానే అడిగింది: “పెళ్ళప్పుడు వడ్డాణం చేయిస్తానన్నారు, అది ఏ బ్యాకప్పులో ఉందంటా?”

ఇలాంటప్పుడు బాబాయ్ పల్నాటి చరిత్రలోకి వెళ్ళిపోతాడు. “మాచర్ల వాళ్ళు కోడిపందెంలో ఓడి ఏడేళ్ళు అడవులు పట్టిపోయొస్తే, రాజ్యం ఇయ్యం పొమ్మన్నారు గురజాల వాళ్ళు. నాగమ్మ, బ్రహ్మనాయుడు వాట్సాప్‌లో మాట్లాడుకునుంటే కారెంపూడిలో అంత రక్తం పారేదంటావా?” నాగమ్మ ముందే డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొట్టి ఉండేదని నా అనుమానం. పైకి అనలేదు.

2025 ఏప్రిల్‌లో వాట్సాప్ ఇంకో సెట్టింగు తెచ్చింది. ఒకరు ఆన్ చేస్తే చాలు, ఆ చాట్‌ని మిగతావాళ్ళు ఎక్స్‌పోర్ట్ చెయ్యలేరు. మాచర్లలో ఉండే మేనల్లుడు దాన్ని మా ఫ్యామిలీ గ్రూపులో ఆన్ చేశాడు. ఎవరు చేశారో గ్రూపులోనే పడుతుంది కాబట్టి, బాబాయ్ ఆ రాత్రే ఫోను చేసి “నా కొట్టుకే తాళం వేస్తావట్రా?” అన్నాడు.

మేనల్లుడు తీసెయ్యలేదు. మిగతా చుట్టాలూ, బాకీ ఉన్న రైతులూ ఇంకా తేలిక దారి కనిపెట్టారు. ఇప్పుడు బాబాయ్ రోజూ రాత్రి రెండింటికి భద్రంగా దాచుకునే మెసేజీల్లో ముప్పాతిక వంతు ఒకటే మాట: “ఫోన్ చేస్తా బాబాయ్.”