పేరుకు ఇల్లు నాదే

కోనసీమలో మా తాతగారు కట్టించిన మండువా లోగిలి ఒకటుంది. అన్నదమ్ముల పంపకాల్లో నా వాటాకొచ్చింది. అందరూ వద్దంటేనే వచ్చిందని మా ఆవిడ అంటుంది గానీ, ఇప్పుడా సంగతులెందుకు? రిటైరవగానే దాన్ని బాగుచేయించి అక్కడే ఉందామని తీర్మానించాను. తీర్మానాల వరకూ మా ఇంట్లో నాకు పూర్తి స్వేచ్ఛ ఉంది.

మొదట పైకప్పు పట్టుకున్నాం. పగిలిన పెంకులు దించుతుంటే ఒక మంగుళూరు పెంకు నా చేతికొచ్చింది. తిరగేస్తే ఇంగ్లీషు అక్షరాల్లో బాసెల్ మిషన్ అని, దాంతోపాటు 1865 అని అచ్చు. ఇక ఆగుతానా? దాన్ని కడిగి, కండువాతో తుడిచి, వీధి అరుగు మీద పెట్టుకుని, దారిన పోయేవాళ్ళనల్లా పిలిచి చూపించాను. సిపాయిల తిరుగుబాటైన ఎనిమిదేళ్ళకే మా ఇల్లు లేచిందని చెప్పాను.

"అయితే తాతగారు పుట్టకముందే కట్టించేశారన్న మాట" అంది మా ఆవిడ లోపల్నించి.

"ముత్తాతగారు మొదలుపెట్టి ఉంటారు" అన్నాను తడుముకోకుండా.

హైదరాబాదు నుంచి మా అమ్మాయి ఫోన్లో తేల్చేసింది. 1865 అనేది మంగుళూరులో ఆ పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన సంవత్సరమట. ఆ తర్వాతెప్పుడో చేసిన పెంకుల మీద కూడా అదే గుద్దేవారట. ఏమంటాను? దాన్ని చదివించింది నేనే.

తర్వాత గోడలు. మేస్త్రీ సిమెంటు కొట్టేద్దామన్నాడు. ఈ విషయం మీద నేను బాగా చదివి ఉన్నాను. "పాత సున్నపు గోడకి సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాదయ్యా. పెచ్చులూడిపోతుంది. సున్నమైతే చెమ్మని బయటికి వదిలేస్తుంది. అసలు పోర్ట్‌లాండ్ సిమెంటుకి పేటెంటు ఇచ్చిందే 1824లో..." అంటూ ఇంగ్లండు దాకా వెళ్ళాను. అతను ఓపిగ్గా విని, "ఆయ్, అలాగేనండి" అని, నా భుజం మీంచి లోపలికి చూస్తూ, "అమ్మగారూ, ఏం కొట్టమంటారండీ?" అన్నాడు.

"సున్నమే. గుల్ల సున్నం తెప్పించు. కరక్కాయలూ బెల్లం నానేసి ఆ నీళ్ళు కలపండి. స్నానాలగదికి మాత్రం సిమెంటు చాలు."

మేస్త్రీ చేతులు కట్టుకుని మరీ విన్నాడు. నేను అంతసేపూ చెప్పింది అదే కదా! పైగా నావి పుస్తకాల్లోంచి వచ్చిన మాటలు. ఆవిడకి ఎలా తెలుసంటే, చిన్నప్పుడు పుట్టింట్లో సున్నం గానుగ తిప్పుతుంటే కూలీల కళ్ళుగప్పి ఆ బెల్లం తినేదట.

మండువా విషయంలో మాత్రం పట్టుబట్టాను. పైన షీటు వేయించేద్దామంది మా ఆవిడ, కోతుల బాధ పడలేక. ససేమిరా అన్నాను. వేడిగాలి పైకి పోవాలన్నా, నాలుగు వసారాలకీ వెలుతురు రావాలన్నా అక్కడ ఆకాశం కనబడాల్సిందే. ఒకనాడు భోజనాల దగ్గర బావమరిదికి ఇదే వివరిస్తున్నాను. చెయ్యి పైకెత్తి ఆకాశం చూపిస్తుండగా ఒక కోతి స్తంభం మీంచి దిగి, నా ఆకులో గారెలు పట్టుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

"గాలి బాగానే ఆడుతోంది బావా" అన్నాడు వాడు.

మర్నాడు మా ఆవిడ ఇనుప మెష్ బిగించింది. గాలీ వెలుతురూ వానా వస్తాయి, కోతి రాదు. ఇద్దరి మాటా నెగ్గిందని నేను అందరికీ చెబుతున్నాను. ఆవిడ ఏమీ చెప్పడం లేదు.

సింహద్వారానికి తరాల తరబడి పూసిన ఆకుపచ్చ రంగు గీకితే కింద టేకూ, తామరపువ్వు నగిషీ బయటపడ్డాయి. పువ్వులో ఒక రేకు నేనే గీకాను. ఫొటో తీసి, "స్వహస్తాలతో" అని రాసి కుటుంబం గ్రూపులో పెట్టాను. మిగిలిన తలుపంతా వడ్రంగి గీకాడు. అమ్మాయి నుంచి జవాబొచ్చింది: "తలుపు అద్భుతంగా ఉంది నాన్నా. ఆ ఒక్క రేకూ ఎలుక కొరికిందా?"

ఇప్పుడు ఇల్లు చూడటానికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వస్తున్నారు. మొన్న ఒకాయన వచ్చాడు, వాళ్ళ పాతింటికీ సున్నం పూయించాలట. "అమ్మగారున్నారాండీ?" అన్నాడు. ఊళ్ళో లేదు, నేనూ చెప్పగలను కూర్చోండన్నాను.

"వద్దులెండి, మళ్ళీ వస్తాను. మీరు చెబితే పొద్దుపోద్దని మేస్త్రీ అన్నాడండి."

నేనేం నొచ్చుకోలేదు. నవ్వుతూనే చెయ్యి పట్టి కూర్చోబెట్టి, అరుగు కింద దాచిన పెంకు బయటికి తీశాను.