పెట్రోల్‌లో నీళ్లొస్తే లొల్లి, నీళ్లలో పెట్రోలొస్తే?

కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో ఒక బంకులో పెట్రోల్‌లో నీళ్లు కలిశాయంటే అయ్యే లొల్లి చూసి తీరాలి. సీసాలో పట్టి ఎండకెత్తి చూపిస్తారు. కింద నీళ్లు, పైన పెట్రోల్, మధ్యలో గీత. మెకానిక్ సాక్షిగా వస్తాడు, ఫోన్లు వీడియోలు తీస్తాయి, కాసేపటికి పౌరసరఫరాల సారు కూడా దిగుతాడు. అసలు బంకులోనే నీళ్ల మీద నిఘా గట్టిది. ట్యాంకులో దించే డిప్ రాడ్డుకు ఒక పేస్టు రాస్తారు. నీళ్లు తగిలితే దాని రంగు మారుతుంది. డెన్సిటీ రిజిస్టరు వేరే, ఫిల్టర్ పేపర్ వేరే. అయిదు లీటర్ల కొలపాత్రలో 25 మిల్లీలీటర్లకు మించి తేడా వస్తే తూనికలు కొలతల శాఖ ఊరుకోదు.

నీళ్లు ఇంత అంటరానివైపోయిన చోటు బంకు తప్ప ఇంకోటి లేదు.

అయితే భూమిలో పాతిన ట్యాంకుకు తుప్పు పట్టి చిల్లు పడిందనుకోండి. చిల్లుకు లోపలికి, బయటికి అన్న పట్టింపు ఉండదు. వానకు భూగర్భ జలం ట్యాంకు పైదాకా లేస్తే నీళ్లు లోపలికి వస్తాయి. ఎండాకాలం మట్టం దిగిపోతే పెట్రోల్ బయటికి పోతుంది. 2025 ఆగస్టు చివర్లో రాజంపేట మండలం అర్గొండలో 40 సెంటీమీటర్లు దాటి కురిసింది, 44వ నంబరు జాతీయ రహదారే కోసుకుపోయింది. అలాంటి వాన తర్వాత ట్యాంకులోకి ఏం వచ్చిందో చూడటానికి పేస్టు ఉంది. ట్యాంకులోంచి ఏం పోయిందో చూడటానికి బోర్లోకి దించే రాడ్డు ఎవరి దగ్గరుంది? స్టాకు తగ్గితే రాసుకోవడానికి ఎలాగూ 'ఆవిరి' అనే పద్దు ఉంది.

ఫలానా బంకు కారుతోందని నా ఫిర్యాదు కాదు. పరీక్షించకుండా కారుతోందనడం నేరం. పరీక్షించకుండా కారడం లేదనడం పరిపాలన.

చట్టానికేం లోటు లేదు. గ్రీన్ ట్రిబ్యునల్ కదిపాక కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది. కొత్త బంకు బడికి, ఆసుపత్రికి, ఇళ్లకు 50 మీటర్ల దూరంలో ఉండాలి. కుదరకపోతే అదనపు జాగ్రత్తలతో 30 మీటర్లు, అంతకన్నా దగ్గర కుదరదు. 165 లీటర్లు దాటి కారితే పై అధికారులకు తెలపాలి.

మరి 164 కారితే? మన పెట్రోల్‌లో బెంజీన్ అనే విషం 1 శాతం దాకా ఉండొచ్చు. అంటే లీటరుకు ఎనిమిది గ్రాముల పైచిలుకు. తాగే నీళ్లలో లీటరుకు 10 మైక్రోగ్రాములు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. లెక్క కట్టండి: ఒక్క లీటరు పెట్రోల్‌లోని బెంజీన్ ఎనిమిది లక్షల లీటర్ల నీళ్లను ఆ గీత దాటించగలదు. 164 లీటర్లయితే పదమూడు కోట్లు. ఇంత చిన్న విషయానికి సార్లను నిద్ర లేపడం మర్యాద కాదు.

అమెరికా వాళ్లకు ఈ మర్యాద తెలియదు. భూమిలోని ట్యాంకుల కోసం 1984లో చట్టం చేశారు, 1986లో గ్యాలనుకు సెంటులో పదో వంతు పన్ను వేసి నిధి పెట్టారు. బంకుల చుట్టూ పరిశీలన బావులు తవ్వి, నమూనాలు తీసి, ఇప్పటికి 5 లక్షలకు పైగా లీకులు పట్టుకున్నారు. పాపం, వాళ్ల ఇనుము నాసిరకమై ఉంటుంది. మన ఇనుముకు తుప్పు పట్టదు.

మనకూ పీజోమీటర్లున్నాయి. భూగర్భ జల శాఖ నెలనెలా నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలుస్తుంది. ఆ నీళ్లలో పెట్రోల్ ఉందా అన్నది వేరే ప్రశ్న, దానికి వేరే ఫైలు కావాలి.

ఇదివరకు బావులుండేవి. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే దారిలో లింగంపేట నాగన్న బావి చూడండి, మెట్లు దిగి నీళ్ల ముఖం చూడొచ్చు. పెట్రోల్ నీళ్ల మీద తేలుతుంది గనక అలాంటి బావిలో పడితే రంగురంగుల తెట్టు పిల్లలకైనా కనిపిస్తుంది. బోరుకు ముఖమే లేదు. మోటారు ఎక్కడో అడుగున ఉంటుంది, పైన తేలేది పైపుకు అందదు, కరిగినదే గ్లాసులోకి వస్తుంది. పైగా ఈ ప్రాంతమంతా గట్టి రాయి. నీళ్లు పొరల్లో కాదు, నెర్రెల్లో నడుస్తాయి. బంకు తూర్పున ఉంటే వాసన పడమటి బోర్లో రావొచ్చు. కొబ్బరికాయ చేత్తో పట్టుకొని నీళ్లు చెప్పే పెద్దమనుషులు బెంజీన్‌కు కూడా కాయ నిలబెట్టగలిగితే ప్రభుత్వానికి ల్యాబు ఖర్చు తప్పుతుంది.

మొన్న బంకులో పిలగాన్ని అడిగాను: "తమ్మీ, పెట్రోల్ల నీళ్లొస్తే మీకు చెప్తం. నీళ్లల్ల పెట్రోలొస్తే ఎవలికి చెప్పాలె?"

గన్ను పక్కన పెట్టి, సోంచాయించి చెప్పాడు: "గట్లొస్తే ఎవలికీ చెప్పకే అన్నా. పన్నేస్తరు."