పార్కు ముందు అట్ట పట్టుకోవడం ఎలా?

మా వీధి చివర పార్కు గేటుకు తాళం పడి చాలా రోజులైంది. ఆ తాళం గురించి మేం మాట్లాడుకోని చోటు లేదు, ఆ గేటు ముందు తప్ప. టీ బంకు దగ్గర తిట్టుకుంటాం. పెళ్లి భోజనాల్లో పప్పు దగ్గర ఒకసారి, రసం దగ్గర ఇంకోసారి తిట్టుకుంటాం. చేతులు కడుక్కునే వేళకు అందరం ఒకే మాట మీదికి వస్తాం: "ఎవరో ఒకరు అడగల్లప్పా!"

ఈ 'ఎవరో ఒకరు' అనే పెద్దమనిషి కోసం హిందూపురంలో వాకబు చేశాను. పెనుకొండలో ఉంటాడన్నారు. పెనుకొండ వెళితే, ఇప్పుడే ధర్మవరం రైలెక్కాడన్నారు. ధర్మవరంలో దిగితే, ఆయన హిందూపురం మనిషే కదా, అక్కడే చూడకపోతిరా అన్నారు. ఆయన దొరికేదాకా పార్కు ముందు అట్ట పట్టుకుని నిలబడే పని మన మీదే పడింది. ఈ విద్యలో నాకు మంచి అనుభవం ఉంది. ఇంతవరకు ఒక్కసారి కూడా నిలబడలేదు.

మొదట అట్ట సంపాదించాలి. ఈ విషయంలో మన ప్రాంతం వాళ్లు అదృష్టవంతులు. ధర్మవరం పట్టుచీర పెట్టె మూతను మించిన ప్లకార్డు లేదు. బిగువుగా ఉంటుంది, గాలికి వంగదు, లోపలివైపు తెల్లగా ఉంటుంది. చీర బీరువాలోకి వెళ్లాక పెట్టె ఎవరికీ అక్కర్లేదు గనక ఇంట్లో గొడవ కూడా రాదు.

తర్వాత మాట. ఇక్కడే మనవాళ్ల పనితనమంతా బయటపడుతుంది. నేను మొదట "పార్కు గేటుకు తాళం ఎందుకు?" అని పెన్సిలుతో రాశాను. చదివి చూస్తే మరీ నిలదీసినట్టుంది. చెరిపి "తాళం తీయండి" అన్నాను. ఆజ్ఞాపించడానికి నేనెవరిని? "తీయగలరు" అని మార్చాను. అప్పటికీ తాళం అనే మాట గుచ్చుకుంటూనే ఉంది. తాళం అన్నామంటే వేసినవాడొకడు ఉన్నాడని అన్నట్టే కదా. రాత్రి పదింటికి అట్ట మీద మిగిలింది ఇది: "పార్కు సమస్యపై సంబంధిత అధికారులు స్పందించాలి." దీనికి తిరుగులేదు. సంబంధిత అధికారిని నేనే అని ఇంతవరకు ఏ అధికారీ అనుకోలేదు. నన్నడిగారేమిటని ఎవరూ నొచ్చుకోరు, ఎవరూ జవాబూ చెప్పరు.

మన పూర్వీకులకు ఈ మొహమాటం లేదు. 1565లో తళ్లికోట దెబ్బకు హంపి వదిలిన విజయనగర రాజులు వచ్చి కూర్చున్నది పెనుకొండలోనే. ఆ కాలం దానశాసనాలు చూడండి. ఈ దానాన్ని చెరిపినవాడికి గంగ ఒడ్డున గోవును చంపిన పాపం తగులుతుందని రాతి మీదే చెక్కి పెట్టేవాళ్లు. "స్పందించాలి" తీసేసి ఆ శాపం పెడితే ఎలా ఉంటుందో ఆలోచించండి. నేను ఆలోచించి మానుకున్నాను.

అనుమతి సంగతి. రాజ్యాంగం 19(1)(ఎ) ప్రకారం మాట్లాడే హక్కు ఉంది, 19(1)(బి) ప్రకారం ఆయుధాలు లేకుండా శాంతిగా గుమిగూడే హక్కు ఉంది. ఇవి చదివి ఉత్సాహపడి పేజీ మూసేయండి. కిందనున్న 19(2), 19(3) దాకా వెళ్లకండి. వెళితే మన జిల్లావాళ్లకు పాత సంగతొకటి గుర్తు రాక తప్పదు. 1950లో అప్పటి మన అనంతపురం జిల్లా ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉండగా, ఆ ప్రభుత్వం బొంబాయిలో అచ్చయ్యే 'క్రాస్ రోడ్స్' వారపత్రిక రాష్ట్రంలో అడుగుపెట్టకూడదంది. రొమేష్ థాపర్ సుప్రీంకోర్టుకెక్కి మే 26న గెలిచాడు. ప్రజాశాంతి పేరు చెప్పి పత్రికను ఆపే అధికారం రాజ్యాంగంలో లేదు పొమ్మంది కోర్టు. లేదా, అయితే పెడదాం అని 1951లో మొదటి సవరణతో ఆ మాటను చేర్చేశారు. పోనీలే అని పక్కన 'సహేతుకమైన' అని ఇంకో మాట కూడా పెట్టారు. అప్పటి నుంచి ఆ రెండు మాటలూ మన కోర్టుల్లో తగువులాడుకుంటూనే ఉన్నాయి.

ఊళ్లో అసలు చలామణీలో ఉన్నది వేరే లెక్క. "30 యాక్టు అమల్లో ఉంది." ఈ మాట వినగానే అందరం తలూపుతాం. అది 1861 నాటి పోలీసు చట్టంలో ముప్పయ్యో సెక్షను, తెల్లవాడు సిపాయిల తిరుగుబాటు చూసి జడుసుకున్న నాలుగేళ్లకు రాసుకున్నది. ఊరేగింపులూ సభలూ క్రమపద్ధతిలో జరిపించడానికని అందులో ఉంది. ఆ సెక్షను ఆసరాతోనే 2023 జనవరి 2న జీవో నంబర్ 1 వచ్చింది. దానికి ముందు రాజకీయ సభల తొక్కిసలాటల్లో కందుకూరులో 8 మంది, గుంటూరులో ముగ్గురు చనిపోయిన మాట నిజం. కారణం లేకుండా వచ్చిన జీవో అనలేం. రోడ్ల మీద సభలూ ర్యాలీలూ దాదాపు వద్దన్న ఆ జీవోను హైకోర్టు మే 12న కొట్టేసింది. వీధిలో సభకు షరతులు పెట్టవచ్చు గానీ, ఇష్టముంటే ఇస్తాను లేకుంటే లేదనే పెత్తనం కుదరదని సుప్రీంకోర్టు అహ్మదాబాదు కేసులో 1972లోనే చెప్పింది. రోడ్డును ఎన్నాళ్లయినా ఆక్రమించి కూర్చోవడం కూడా కుదరదని 2020లో షాహీన్ బాగ్ కేసులో చెప్పింది. ఇవన్నీ నాకు తెలుసు. టీ బంకు దగ్గర గడగడా అప్పజెబుతాను. అక్కడ 30 యాక్టు ఉండదు.

ఒక్కడే నిలబడితే గుమిగూడటం ఎలా అవుతుందని మీకు అనుమానం రావచ్చు. సింగపూరులో అవుతుంది. 2020లో ఒకాయన నవ్వు ముఖం బొమ్మ గీసిన అట్ట పట్టుకుని ఫొటో దిగితే, అనుమతి లేని సభ జరిపాడని కేసు పెట్టారు. సభికుల సంఖ్య ఒకటి. ఆ దేశంలోనే హాంగ్ లిమ్ పార్కులో మాట్లాడుకోవడానికి 2000 నుంచి ఒక మూల కేటాయించారు. లండన్ హైడ్ పార్కులో 1872 చట్టం వచ్చినప్పటి నుంచీ బల్లెక్కి ఎవరైనా తమ మాట చెప్పుకోవచ్చు. బోస్టన్ పార్కులో ప్రసంగించిన మతబోధకుడికి మాత్రం, ఇంటాయన తన ఇంట్లో వద్దన్నట్టే ఊరు తన పార్కులో వద్దనవచ్చని 1897లో అమెరికా కోర్టు చెప్పింది. వీధులూ పార్కులూ మొదటి నుంచీ జనానివే, జనం కూడి మాట్లాడుకోవడానికే ఉన్నాయనే మాట ఆ కోర్టులో వినబడటానికి మరో 42 ఏళ్లు పట్టింది. అన్నేళ్లు తాళం ముందు నిలబడే ఓపిక మనకెక్కడిది?

ఇక నాకు బాగా ఇష్టమైన ఉపాయం. అసలు అట్టతో పనేముంది? ఫ్లెక్సీ వేయించండి.

బహిరంగ స్థలాలను పోస్టర్లతో పాడుచేయకూడదని మన రాష్ట్రానికి 1997 నుంచీ ఒక చట్టం ఉంది. ప్లాస్టిక్ ఫ్లెక్సీలు ఇక ఉండవని 2022 ఆగస్టు 26న విశాఖలో అప్పటి ముఖ్యమంత్రే ప్రకటించారు. అయినా సర్కిల్లో సిగ్నల్ స్తంభాన్ని కప్పేసి, బస్సు నంబరు కనబడకుండా, ట్రాన్స్‌ఫార్మరు కంచెకు కట్టిన ఫ్లెక్సీని "పర్మిషనుందా?" అని అడిగినవాడిని మీరు చూశారా? మన ఊళ్లలో భావప్రకటనా స్వేచ్ఛ కళ్లారా చూడాలంటే ఒక పుట్టినరోజు నాడు రోడ్డు మీదికి రండి. పైన మబ్బుల్లో పార్టీ పెద్దలు, నడుమ నిలువెత్తున నాయకుడు, చేయి ఊపుతూనో, ఫోన్లో మాట్లాడుతూనో. ఆయనకిరువైపులా గుండ్రాల్లో రెండో వరస నాయకులు. అడుగున చింతగింజలంత ముఖాలు వరసగా, వాటి కింద 'శుభాకాంక్షలు తెలుపువారు'. ఏ ముఖం ఎంత పెద్దదన్న దాని మీద జరిగే చర్చలో పదోవంతు మునిసిపల్ బడ్జెట్ మీద జరిగితే ఊరు బాగుపడును.

కాబట్టి మీ ఫ్లెక్సీలో పైన శుభాకాంక్షలు పెట్టించి, అడుగున చింతగింజల వరసలో "పార్కు తాళం తీయించగలరు" అని ఇరికించండి. తొలగించాలంటే నాయకుడి ముఖం మీద చేయి వేయాలి, ఆ సాహసం ఎవరూ చేయరు. ముహూర్తాలు ముందే చూసుకోండి: ఏప్రిల్ 20, జూన్ 10, సెప్టెంబర్ 2, డిసెంబర్ 21. ఎవరెవరి పుట్టినరోజులో మీకు చెప్పనక్కర్లేదు. తాగునీటి కష్టాలకు ఏప్రిల్ బాగా కలిసొస్తుంది, వానకు కారే బడి కప్పుకు సెప్టెంబర్ శ్రేష్ఠం.

నవ్వుతున్నాను గానీ, ఆ చింతగింజల్లో ఒకటి నాది. మా బంధువుల కుర్రాడు అడక్కుండానే వేయించాడు. "ఇదేమి పని రా?" అని కోప్పడ్డాను. సాయంత్రం పాల ప్యాకెట్ నెపం పెట్టుకుని సర్కిల్ దాకా వెళ్లి చూశాను, ఎడమ నుంచి మూడోవాణ్ని. మర్నాడు మళ్లీ వెళ్లాను. నా పక్కవాడి ముఖం నా ముఖం కన్నా కొంచెం పెద్దగా ఉంది. ఆ బాధ పార్కు తాళం బాధ కన్నా ఎక్కువ రోజులే ఉండింది.

నోరు విప్పడం ఇష్టం లేనివారికి మౌనం ఉంది. తెర మీద డైలాగుకు పెట్టింది పేరైన బాలకృష్ణ, హిందూపురాన్ని జిల్లా కేంద్రం చేయాలని 2022 ఫిబ్రవరి 4న ఇదే ఊళ్లో మౌనదీక్షకు కూర్చున్నారు. ఆయన డైలాగు వినడానికి టికెట్ కొని వెళ్లిన ఊరు, ఆయన మాట్లాడకపోవడాన్ని ఉచితంగా చూసింది. ఏప్రిల్ 4న కొత్త జిల్లా వచ్చింది, కేంద్రం పుట్టపర్తి. ఫలితం మాట అలా ఉంచితే, పద్ధతిలో దోషం లేదు. మాట్లాడే హక్కులో మాట్లాడకుండా ఉండే హక్కు కూడా ఉందని 1986లో జాతీయగీతం పాడని కేరళ బడిపిల్లల కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. ఆ హక్కును మా వీధిలో మేం పుట్టినప్పటి నుంచీ వాడుకుంటున్నాం.

స్థలం ఎంచుకునే స్వేచ్ఛ ఉంటే పెనుకొండ కుంభకర్ణుడి పార్కుకు వెళ్లండి. అంత పెద్ద శరీరం నిద్రపోతుంటే చుట్టూ రాక్షసులు లేపడానికి తంటాలు పడుతుంటారు. మీరు వెళ్లి వాళ్ల వరసలో నిలబడితే సరి. సోమవారాలు అర్జీ పట్టుకుని కలెక్టరేట్‌లో నిలబడి అలవాటున్నవారికి కొత్తేమీ అనిపించదు.

చుట్టాలున్న వీధిలో నిలబడకండి.

పేరు రాయకండి. అక్షరదోషాలు మాత్రం ఉండనివ్వండి, అందరూ వాటిని దిద్దే పనిలో పడి విషయం వదిలేస్తారు.

ఇంకో సూచన రాయాలనుకున్నాను: నిజంగా నిలబడేవాళ్లను చూసి నేర్చుకోండి అని. 2023 డిసెంబర్ 12న రాష్ట్రమంతటా అంగన్‌వాడీ అక్కలు సమ్మెకు దిగారు. జనవరి 6న సమ్మెలను నిషేధించే ఎస్మా పెట్టినా లేవలేదు, అటూఇటుగా ఆరు వారాలు కూర్చున్నారు. ధర్మవరంలో పనుండి వెళ్లిన ఒకరోజు, టెంటు కింద చంటిపిల్లలతో కూర్చున్నవాళ్లను చూసి బండి నిదానం చేశాను. ఒకామె అట్ట పైకెత్తి పట్టుకుంది, చేతిరాత వంకరగా ఉంది, 'సంబంధిత అధికారులు' అనే మాట అందులో లేదు. ఎంత జీతం కావాలో అంకె వేసి రాసింది. నా వైపు చూసింది. నేను హెల్మెట్ అద్దం కిందికి దించుకున్నాను. ఎండగా ఉంది కాబట్టి అని అప్పుడు అనుకున్నాను.

ఆ మధ్య మా కిటికీ అద్దం పగిలింది. పార్కుకు తాళం గనక పిల్లలు వీధిలోనే క్రికెట్ ఆడతారు, బంతి ఎవరింట్లోకైనా రావాల్సిందే. బంతి కోసం వచ్చిన పిల్లవాడు గేటు దగ్గరే నిలబడి, "అంకుల్, పార్కు తీయమని మీరు చెప్పొచ్చు కదా?" అన్నాడు. "ఎవరో ఒకరు చెప్తారులే నాయనా" అని బంతి ఇచ్చి పంపాను. అద్దాల షాపువాడు రెండు రోజుల్లో వస్తానన్నాడు. అందాకా దోమలు రాకుండా మా ఆవిడ ఆ చీర పెట్టె మూతను కిటికీకి అడ్డం పెట్టి, రాసినవైపు ఎటుండాలని అడిగింది.

లోపలికే అన్నాను.