అడగని వన్స్‌మోర్

అలంకారశాస్త్రం కావ్యాన్ని రెండు తెగలుగా విభజించింది: కంటితో చూసి ఆనందించవలసిన నాటకం వంటివి దృశ్యకావ్యాలనీ, చెవితో విని ఆనందించవలసిన పద్యం వంటివి శ్రవ్యకావ్యాలనీ. శతాబ్దాలపాటు ఎవరికీ ఇబ్బంది కలిగించని ఈ విభజన, టెలివిజన్ వచ్చి చెవి చేయవలసిన పనిని కంటికీ, కన్ను చేయవలసిన పనిని రిమోటుకూ బదిలీ చేసిన తర్వాత చాలకుండా పోయింది. చూడడానికి వీలుండి, వినవలసిన అవసరం లేక, విన్నామన్న తృప్తిని మాత్రం పుష్కలంగా మిగిల్చే కొత్త తెగను, ఇంతకంటె మంచి పేరు దొరికేదాకా, ప్రసారకావ్యం అని పిలవవచ్చు. ఉగాదినాడు పంచాంగశ్రవణానికీ సినిమాతారల శుభాకాంక్షలకూ నడుమ దీని దర్శనం సులభంగా లభిస్తుంది.

కవిత్వాన్ని ఇంటింటికీ చేరవేస్తున్నామన్నది ఈ కార్యక్రమాల నిర్వాహకుల వాదన. చేరవేస్తున్న మాట నిజమే గాని, గ్యాసుబండ తెచ్చేవాడి బాధ్యత గుమ్మం దగ్గర ముగిసినట్టే వారి బాధ్యతా అక్కడే ముగుస్తుంది. లోపల పొయ్యి వెలిగిందా లేదా అన్నది వారి శాఖకు చెందిన విషయం కాదు. పైగా ఈ సరఫరాకు తిథివార నక్షత్రాలు ఉన్నాయి. తెలుగు కవికి ఉగాది ఉన్నట్టే, భారతీయ భాషలన్నిటి కవులకూ కలిపి గణతంత్ర దినోత్సవం ముందురాత్రి ఉంది. 1956లో ఆకాశవాణి ఆరంభించిన సర్వభాషా కవిసమ్మేళనం ఆ రాత్రే ప్రసారమవుతుంది. తద్దినం ఏడాదికి ఒక్కసారే పెట్టాలన్న నియమాన్ని ఇంత నిష్ఠగా పాటించే సంస్థలు ఇతర రంగాలలో అరుదు.

ఉగాది కవిసమ్మేళనపు నిర్మాణం ప్రబంధంలోని అష్టాదశ వర్ణనల కంటె స్థిరమైనది. వ్యాఖ్యాత కవి బిరుదులను చదువుతారు; కవి ఆ బిరుదులకు వినయంగా తల వంచుతాడు; ఆపై మామిడిచిగురు, కోయిల, వేపపువ్వు, షడ్రుచులు వరుసగా హాజరు పలుకుతాయి. రికార్డింగు పండుగకు ముందే పూర్తవుతుంది కనుక కోయిల కూయడం స్టూడియో తేదీని బట్టి జరుగుతుంది గాని వసంతాన్ని బట్టి కాదు. ఇవన్నీ క్షమించదగినవే. పరిశోధనకు యోగ్యమైన విశేషం మరొకటి ఉంది: కవి ప్రతి పంక్తినీ రెండుసార్లు చదువుతాడు.

ఈ ద్విరుక్తికి, అనగా చెప్పినదాన్నే మరల చెప్పడానికి, ఒక గౌరవనీయమైన చరిత్ర ఉన్నది. హైదరాబాదు ముషాయిరాలలో షేరు నచ్చిన శ్రోత ‘ముకర్రర్’ అని కేకవేస్తాడు. మళ్లీ చదవమని దాని అర్థం. కోస్తా పద్యనాటకపు పందిళ్లలో అదే కేక ‘వన్స్‌మోర్’ అయింది. ఆ కేక విని, చచ్చిపడి ఉన్న పాత్ర లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చిన సందర్భాలు నాటకరంగపు ముచ్చట్లలో కొల్లలుగా ఉన్నాయి. నవ్వు పుట్టించినా ఆ ఆచారంలో ఒక కాలపు విమర్శ పద్ధతి ఇమిడి ఉంది: ఏ పద్యం మళ్లీ కావాలో, ఏది ఒక్కసారికే ఎక్కువో నిర్ణయించే అధికారం ముందువరసలో చుట్ట కాలుస్తున్న రైతుది. తెలుగు పద్యం మొదటిసారి విన్నప్పుడు గొంతునూ నడకనూ ఇస్తుంది. సమాసం విడివడి, శ్లేష రెండవ అర్థం బయటపెట్టి, యతిస్థానంలో కవి చేసిన చమత్కారం చెవికి తగిలేది రెండవసారి. స్టూడియోలో కేకవేసేవాడు లేడు; కేక లేకపోయినా రెండవసారి చదవడం మిగిలింది. ఆకలి లేకపోయినా మారు వడ్డించే మర్యాద ఇది. ఛందస్సును వదిలించుకున్న వచనకవి సైతం ఈ అలవాటును మాత్రం వదిలించుకోలేకపోయాడు.

అవధానం టెలివిజనుకు ఎక్కిన తీరు ఇంకా రమణీయం. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు, అనగా ప్రశ్నించేవారు, అవధానిని చుట్టుముడతారు. ఒకరు నిషిద్ధాక్షరి పేరుతో అక్షరం అక్షరానికీ నిషేధం పెడతారు, ఒకరు సంబంధంలేని నాలుగు మాటలిచ్చి వాటిని పద్యంలో ఇమడ్చమంటారు, ఒకరు పొంతనలేని పాదమిచ్చి సమస్య పూరించమంటారు, అప్రస్తుత ప్రసంగం చేసేవారు మధ్యలో పిలిచి పరధ్యానంలో పడవేయజూస్తారు. ఒక్కొక్క ఆవృత్తిలో ఒక్కొక్క పాదం చొప్పున పద్యాలన్నీ పూర్తిచేసి, చివర అన్నిటినీ వరుసగా అప్పజెప్పడమే ధారణ. ఈ విద్యలో సభికుడు చూడవలసినది అవధాని తడుముకునే ఆ అరనిమిషాన్ని: అడ్డుపడిన అక్షరాన్ని దాటడానికి మనసు ఏ సందులోంచి దూరుతున్నదో అప్పుడే తెలుస్తుంది. ఆ అరనిమిషంలో తెరమీద ఏమీ జరగడం లేదు కనుక ఎడిటరు దాన్ని తీసివేస్తాడు. నిషిద్ధాక్షరి నెమ్మదిగా సాగుతుంది కనుక దాన్నీ కుదిస్తాడు. నవ్వులు వస్తాయి కనుక అప్రస్తుత ప్రసంగాన్ని పూర్తిగా ఉంచుతాడు. అరగంటకు సరిపోయిన ఆ అవధానంలో ప్రశ్న ముగిసీ ముగియకముందే పద్యం ఊడిపడుతుంది. మహామేధావిగా కనబడవలసిన అవధాని ముందుగానే చీటీ అందుకున్న పరీక్షార్థిలా కనబడతాడు. అవధానానికి రాజాస్థానాలలో, సంస్థానాలలో పేరు తెచ్చిన తిరుపతి వేంకటకవులను శంకించిన ప్రత్యర్థులు సైతం ఇంత చక్కటి సాక్ష్యాన్ని తయారుచేయలేకపోయారు.

కాశ్మీర ఆలంకారికుడు అభినవగుప్తుడు, భరతుని నాట్యశాస్త్రానికి రాసిన అభినవభారతిలో, రసానుభూతికి అడ్డువచ్చేవాటిని రసవిఘ్నాలుగా ఏడింటిని లెక్కించాడు. తొలగించుకోవడం కోసమే లెక్కించాడని పండితులు భావిస్తుండగా, కొన్ని ఛానళ్లు ఆ పట్టికను అమలుచేయవలసిన పథకంగా స్వీకరించినట్టు తోస్తుంది. స్ఫుటత్వాభావం, అనగా విషయం స్పష్టంగా అందకపోవడం, పద్యం కింద ఎడతెగని వేణువునూ సింథసైజరునూ పరవడంతో సిద్ధిస్తుంది. అప్రధానత, అనగా అముఖ్యమైనది ముఖ్యమైనదాన్ని కప్పివేయడం, కవి చదువుతుండగా కెమెరా పూలకుండీమీదికీ, వ్యాఖ్యాత చిరునవ్వుమీదికీ, చేతిగడియారం చూసుకుంటున్న సాటికవిమీదికీ విహారం వెళ్లడంతో నెరవేరుతుంది. ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలలో మునిగి ఉండడం నిజసుఖాదివివశీభావం; దీనికి మందుగా సంగీతాన్నీ రంగాలంకారాన్నీ శాస్త్రకారుడు సూచించాడు. ఛానలు మందును ఉదారంగా వాడుతూనే, రోగం తగ్గిపోతుందేమోనన్న భయంతో, తెర అడుగున బంగారం ధరనూ పరీక్షల ఫలితాల తేదీనీ పరుగెత్తిస్తుంది. మరి ఇంట్లో రసికులు టీవీ పెట్టుకుని పులిహోర కలుపుకుంటారు. సాయంత్రం బంధువులు వస్తే, ఈసారి కవిసమ్మేళనం చాలా బాగుందని చెప్పగలుగుతారు.

రేడియో విషయం కొంత భిన్నం. చూపించడానికి ఏమీ లేని ఈ పెట్టె శ్రవ్యకావ్యానికి పుట్టినిల్లు కావలసింది. మీడియం వేవ్‌లో స్టేషనుకూ స్టేషనుకూ మధ్య దూరం 9 కిలోహెర్ట్జులే కావడంవల్ల ధ్వనిలోని పై పౌనఃపున్యాలు, అనగా సెకనుకు ఎక్కువసార్లు కంపించే సన్నని శబ్దాలు, సుమారు నాలుగున్నర కిలోహెర్ట్జుల దగ్గర తెగిపోతాయి. సకారంలోని సీత్కారం చాలావరకు ఆపైనే ఉంటుంది కనుక శ, ష, స ల తేడా ఆ దారిలో మసకబారుతుంది. ఛందోవేత్తలు ఈ మూడింటికీ యతిమైత్రి, అనగా యతిస్థానంలో ఒకదానికొకటి చెల్లే చుట్టరికం, ముందే ప్రసాదించి ఉండడం ఆకాశవాణి అదృష్టం. మాట్లాడేవారిలో పలువురు ఆ తేడాను మైకు దాకా కూడా రానివ్వకపోవడం మరొక అదృష్టం. సుమారు 15 కిలోహెర్ట్జుల దాకా అందించగల ఎఫ్ఎం వచ్చి సాంకేతికమైన సాకును తొలగించింది. ఇప్పుడు శషసలు మూడూ శుభ్రంగా వినిపించగలవు, వాటిని వాణిజ్య ప్రకటనలలో వినవచ్చు.

యంత్రమే దోషి అనడానికి వీలులేదు. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రపు భక్తిరంజని, బాలాంత్రపు రజనీకాంతరావు వరుసలు, దేవులపల్లి కృష్ణశాస్త్రి రేడియోకోసం రాసిన సంగీతరూపకాలు ఈ పెట్టెలోంచి వచ్చినవే. అక్కడ కవి పండుగ అతిథిగా కాక పనివాడుగా ఉన్నాడు. కరుణశ్రీ పుష్పవిలాపం ఘంటసాల గొంతులో ఊరూరికీ పాకడం, కవి పేరు తెలియనివారికి కూడా పద్యాలు కంఠస్థం కావడం గ్రామఫోను ప్లేటు చలవ. 1981లో గూటాల కృష్ణమూర్తి లండన్ నుంచి మహాప్రస్థానాన్ని శ్రీశ్రీ చేతిరాతతో, ఆయన చదివిన కాసెట్టుతో సహా వెలువరించారు. ప్లేటుమీద ముల్లును వెనక్కు పెట్టవచ్చు, కాసెట్టును వెనక్కు తిప్పవచ్చు. వన్స్‌మోర్ అధికారం వినేవాడి చేతికి తిరిగి వచ్చింది. ఇప్పటి కార్యక్రమాలనూ యూట్యూబులో మళ్లీ చూడవచ్చునన్న సమాధానం ఒకటి ఉంది. చూడవచ్చు, బిరుదులతో మొదలుపెట్టి.

అడిగినదాన్ని మళ్లీ వినిపించడం రేడియోకు చేతకాని పనేమీ కాదు. వివిధభారతి జనరంజనిలో శ్రోతలు ఉత్తరాలు రాసి కోరిన సినిమాపాటలను, కోరినవారి పేర్లూ ఊళ్లూ ఓపికగా చదివి మరీ, ఏళ్లతరబడి వినిపించారు. చుట్ట కాల్చే రైతు కేక అక్కడ పోస్టుకార్డుగా మారి బతికింది. వచ్చే ఉగాదికి ముందు పాఠకులు తమకు దగ్గరలోని ఆకాశవాణి కేంద్రానికి ఒక కార్డు రాసి, ఫలానా కవిది ఫలానా పద్యం, వేణువు లేకుండా, వ్యాఖ్యానం లేకుండా, రెండుసార్లు చదివించవలసిందని కోరవచ్చు. కార్డు ఖరీదు యాభై పైసలు.