పాత ఎడిషన్‌కు పుష్కర దర్శనం

తిరుపతిలో ఒక ఇంజినీరింగ్ కుర్రాడు కెర్నల్ నేర్చుకుంటున్నాడు.
చేతిలో ‘లైనక్స్ డివైస్ డ్రైవర్స్’ మూడో ఎడిషన్. 2005 నాటిది, చెప్పేది కెర్నల్ 2.6.10 వెర్షన్ సంగతి. కుర్రాడికీ పుస్తకానికీ ఈడుజోడు బాగా కుదిరింది. (మంచి పుస్తకమే. పైగా నెట్‌లో ఊరికే దొరుకుతుంది, ప్రసాదంలా.)
ల్యాప్‌టాప్‌లో మాత్రం 6 సిరీస్ కెర్నల్.
‘క్రియేట్ ప్రాక్ ఎంట్రీ’ అని కొట్టాడు. అలాంటిదేదీ లేదు పొమ్మంది కంపైలర్. అది 2013లోనే, 3.10తో కొండ దిగిపోయింది.
ఫైల్ ఆపరేషన్స్‌లో ‘అయాక్టల్’ అన్నాడు. ఆ వరస 2010లోనే కల్యాణకట్టలో రాలిపోయింది.
తెరనిండా ఎర్రర్లు. సారు దగ్గరికి పరుగెత్తాడు.
“బుక్కులో ఉండేదే రాయి రా! కంపైలరేమన్నా పేపర్ దిద్దతాదా?”